ఏడో వంపు

అది నేను తవ్విన కాలవే.
అప్పుడు నా ప్రొక్లెయిను కొత్తది, పసుపురంగు కూడా మాయలేదు.
దారం పట్టినట్టు తిన్నగా రావాలన్నాడు కాంట్రాక్టరు.
గూడూరికి పైన, పంబలేరు అక్కడ ఏడుచోట్ల తిరిగేది.
ఏడు వంపుల్నీ ఇరవై రెండు రోజుల్లో పూడ్చేశా.
మిగిలిన నేలను అంకణాల్లెక్కన కొలిచి అమ్మారు.
సున్నపు గీతల మధ్య నాకూ ఒక ముక్క చూపించారు.
కొనలేదు. డబ్బుల్లేక.
అది నా మంచితనమని ఎవరూ అనుకోవద్దు.

తిన్నటి దారిలో నీళ్లకేం పని?
ఆగి పలకరించడానికి రెల్లుదుబ్బు లేదు,
నడుం వాల్చడానికి ఇసుకమేట లేదు.
పైన చెరువు అలుగు పారిందంటే
కొత్తగా బండి దొరికిన కుర్రోడిలా
ఒకటే రావడం.

ఆ కార్తీకంలో ముసురు మీద వాయుగుండం.
రాత్రి రెండున్నరకి ఏరు యానాదుల కాలనీ తలుపు తట్టలేదు,
తలుపు పట్టుకుపోయింది.
తుపాకుల పోలమ్మ ఎలకబుట్ట, చేపల మావు, ఆధార్ కార్డు
హైవే కల్వర్టు కింద దొరికాయి.
సంచిలో వడ్లు మాత్రం పదిరోజులకి
లేఅవుటు బోర్డు మొదట్లో మొలకెత్తి కనపడ్డాయి.

ఇప్పుడు మళ్లీ నన్నే పిలిచారు.
కట్ట తెగ్గొట్టి పాత వంపులు తీయాలంట.
ఇంజనీరమ్మ చేతిలో పాత సర్వే పటం,
అందులో ఏరు చీమ నడిచినంత గీత.
"ఇక్కడేనా?" అంటుంది. ఎవరికి తెలుసు?
పోలమ్మ చెప్పుల్లేని కాలితో నేలను తొక్కి చూసి
"ఈడ కాదమ్మా, ఈడ మన్ను గట్టిగా ఉండాది.
ఆడ తవ్వు. మాయమ్మ కొర్రమట్టలు పట్టింది ఆడే" అంది.

ఒక బకెట్టు. ఎర్రమన్ను.
రెండోది. బంక.
మూడో బకెట్టులో తెల్లటి ఇసుక,
తడి తడిగా, నత్తగుల్లలతో.
ఇంజను ఆపేశా. ఎవరూ ఆపమన్లేదు.

గొడుగు కింద నించి సుబ్బరత్నం మాస్టారు అరిచాడు:
"పెన్షను డబ్బయ్యా! ముప్పయ్యారంకణాలు!
అంతా ఏట్లో పోసినట్టేనా?"
"ఏట్లోవే గదా సామీ, ముందునించీ" అంది పోలమ్మ,
మెల్లిగానే.
ఆయన గొడుగు మూసి మళ్లీ తెరిచాడు.
నేను లివరు వైపు చూస్తా కూచున్నా.

ఈ యేడు కూడా వాన బాగానే దంచింది.
లైటేసుకుని పోయి చూశా.
మొదటి వంపులో నీళ్లు తడబడ్డాయి,
రెండోదాని దగ్గర వెనక్కి తిరిగి చూశాయి,
తర్వాత కయ్యల్లోకి పక్క పరుచుకుని
మోకాటిలోతున పడుకున్నాయి.
కాలనీకి తొంభై అడుగులు ఇవతలే.
పోలమ్మ నిద్రపోతా ఉంది. లేపలేదు.

ఆరే తవ్వాం.
ఏడో వంపు మీద కల్యాణమంటపం ఉంది,
జనరేటరూ, పార్కింగూ, ప్లాస్టిక్ కొబ్బరిచెట్లూ.
దాని సంగతి ఆఫీసులో ఎవరూ మాట్లాడరు.
ఏరు మాత్రం ఆ గోడ దాకా వచ్చి,
తడి గీత ఒకటి పెట్టి,
పోయింది.