కొస దొరకని పట్టుగూడు

కుతాయిసిలో మంచు కరిగే నెల.
ల్యాబు బల్ల మీద రెండు సీసాలు,
రెండింటి మీదా ఒకటే రాత: పేగుల చుట్టూ పొర.
రాసినవాడు తొందరలో ఉన్నట్టున్నాడు.
మ్జెవినార్‌కి తొందర లేదు.

మొదటిది ఎల్గూజాది. ద్రాక్షతోట కాపు, అరవై రెండేళ్ళు.
పిత్తాశయంలో రాళ్ళకని కోస్తే
పిలవని చుట్టంలా బయటపడింది.
పల్చన, ఉల్లిపొరంత.
దీపానికి అడ్డుపెడితే దీపం కనిపిస్తుంది.
వేలు దూరిస్తే ఎక్కడా అంటుకోలేదని
సర్జన్ ఫోన్లో ఆశ్చర్యపోయాడు.
మైక్రోస్కోపు కింద ఒకే వరుస కణాలు,
బడి ప్రార్థనలో పిల్లల్లా బుద్ధిగా.

తల్లి కడుపులో ఉన్నప్పుడు అందరి పేగులూ
కొన్నాళ్ళు బొడ్డుతాడులోకి షికారు వెళ్తాయి.
తిరిగొచ్చేప్పుడు ఇతనివి
గుమ్మానికున్న తెరని కూడా కప్పుకొచ్చాయి.
అంతే.
ఆ తెర వెనకే అరవై రెండేళ్ళ విందులు, ఉపవాసాలు,
మనవరాలి పెళ్ళిలో కొమ్ము నిండా వైను.
ఎవరికీ తెలీదు. అతనికీ.

రెండోది మాక్వాలాది. ముప్పై తొమ్మిది.
కిడ్నీలు పోయాక తొమ్మిదేళ్ళు
రోజుకి నాలుగుసార్లు
వంటింటి కిటికీ పక్కన మేకుకి సంచీ తగిలించి
కడుపులోకి తియ్యటి నీళ్ళు ఎక్కించుకుంది, వంపుకుంది.
ఆ నీళ్ళే బతికించాయి.
ఆ నీళ్ళే చుక్కచుక్కగా నేశాయి
ఈ తెల్లటి తోలుని, కత్తికి ఎదురుతిరిగేదాన్ని.
కణాల వరుస లేదు. పీచు మీద పీచు.
లోపల పేగులన్నీ ఒకే ముద్ద.

మ్జెవినార్ తల్లి పట్టుమిల్లులో చేసేది.
కాగే నీళ్ళలో గూళ్ళు వేసి, చిన్న చీపురుతో కెలికి
కొస పట్టేది. వేళ్ళకి ఎప్పుడూ బొబ్బలు.
"కొస దొరికిందా, ఎంత బిగిసిన గూడైనా దారమే" అనేది.
స్లైడుని అటూ ఇటూ జరిపింది కూతురు.
దీనికి కొస లేదు.

మొదటి కాగితం: పుట్టుకతో వచ్చినది.
పిత్రార్జితం లాంటిది, అడగకుండా దక్కింది, అలా ఉండనీయండి.
రెండో కాగితం మీద ఆర్జితం అని రాసి
ఆగింది.
పొలమైతే స్వార్జితమని ఎంత గర్వంగా చెప్పుకుంటారు!
మాక్వాలా ఏం ఆర్జించింది?
తొమ్మిదేళ్ళు.
అందులో కూతురు నడక నేర్చింది, చదువు నేర్చింది,
మొన్న ఆస్పత్రి మంచం మీద
తల్లికి జడ వేసేంత ఎదిగింది.

అడుగున ఇంకో గడి మిగిలింది, కారణం అని.
చికిత్స, అని రాసింది మ్జెవినార్.
సిరా ఆరేదాకా కాగితం మడవలేదు.