ముడుల లెక్క

మధ్యాహ్నానికే తలలు వాల్చేసేవి కనకాంబరాలు.
నీళ్లు చాలక కాదు,
బోదెలో గోదారి నిండుగానే పారుతోంది.
మందుల కొట్టు సత్తిరాజు ఆకు చూశాడు,
ఆకుకి మందిచ్చాడు.
పాపం, ఆకు చేసిన తప్పేముందని?

గంగరత్నం పిన్ని ఏమీ అడక్కుండా
మొదలు పట్టి మొక్కని పీకేసింది.
ఇసక దులిపి నా అరచేతిలో పెట్టింది.
వేరంతా ముడులు,
మొలతాడుకి పసివాడెవడో వేసి
విప్పడం రాక వదిలేసినట్టు.
"నులిపురుగే. కంటికి ఆనదు.
లంక ఇసకంటే దానికి పుట్టిల్లు."

పిన్ని తాటాకు పాకలో
వరిగడ్డి సంచులు వేలాడుతుంటాయి.
గాట్లలోంచి తెల్లగా చెవులు మొలుస్తాయి.
లేతవి రాజమండ్రి పోతాయి.
అమ్ముడవని ముదురు పుట్టగొడుగుల్ని
రోట్లో నూరి, రాత్రంతా కుండలో నానబెట్టి,
పాత పంచె గుడ్డలో వడకట్టి తెచ్చింది.
తొలకరికి తడిసిన గడ్డివాము వాసన.

"ఇదేం మందు పిన్నీ, నిన్న దీంతోనేగా కూరొండావ్?"
"కూరే. మనకి కూర."

రెండు సాళ్లకి పోశాం.
రెండు సాళ్లు ఊరికే వదిలేశాం.
వదిలేయడమే కష్టం.
ఎండే మొక్క పక్కన చెంబు పట్టుకుని నిలబడి
పొయ్యకుండా వెనక్కి రావడం.
"అవి చావకపోతే
ఇవి దీనివల్లే బతికాయని ఎలా తెలుస్తుందే?" అంది,
బడి గుమ్మం ఎక్కని మా పిన్ని.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.
పళ్లు రాని మా బుడ్డది చిగుళ్లతో నమిలేంత మెత్తనిది,
పాకలో బతికున్నప్పుడు
గడ్డిలో దూరిన పురుగుని తాకి, కదలనీకుండా చేసి,
తినేస్తుందట.
అంత మెత్తనిదానికి అంత పగ ఎక్కడిది?
పగ కాదేమో.
గడ్డిలో దొరకని ఏదో పిసరు కోసం
అదీ మాలాగే ఒకరి నేల మీద
కౌలుకి దిగిందేమో.

నలభయ్యో రోజున మళ్లీ పీకి చూశాం.
పోసిన సాలులో ముడులు లేవని కాదు.
ఉన్నాయి, వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.
పొయ్యని సాలులో
లెక్క సగంలో ఆపేసి పిన్ని
చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

సత్తిరాజు దగ్గర బాకీ అలాగే ఉంది.
వచ్చే వానలకి ఈ నేల ఏమంటుందో తెలీదు.
ఇప్పుడు అరుగు మీద కూర్చుని
ఒళ్లో పూలు పోసుకుని దండ కడుతున్నాను.
రెండు పూలకో ముడి, రెండు పూలకో ముడి.
ఇవి నేను వేస్తున్నవి,
లెక్కపెట్టడం లేదు.