గేటు వెడల్పు

అల్ ఐన్ సనయ్యాల, టైర్ల దుకాణం వెనక
ఎండకు నిలబెట్టిన మోడుమిషన్లు అయిదు.
గంప కింది కోడిని సూపెట్టినట్టు
గుల్ జమాన్ ఒక్కోదాని మీది తార్పాలిన్ లేపుతడు.
"డెబ్బయి నాలుగు గుర్రాలు భాయ్, డీజిల్!"
మొగిలి జేబులకెంచి దర్జీ టేపు తీస్తడు.
ఈ టైరు అంచు నుంచి ఆ టైరు అంచు దాకా పట్టి
"నలభై ఎనిమిది" అంటడు, నాకే వినపడేటట్టు.
గుర్రాలు సరే,
గేటు కాడ అవి ఏం తింటయి?

మూడు నెలల సంది రాసుకున్న నోటుబుక్కు నా సంకల ఉన్నది:
జాహిలీ, నీలం విల్లా, పక్క గేటు ముప్పై ఆరు.
మువైజీ, ముప్పై అయిదున్నర, గొళ్లెం బయటికి పొడుచుకొచ్చింది.
హీలీ తోటకు గేటే లేదు,
గని కాలువ దాటాలె, చెక్క మీద.
మసీదు గల్లీల ఉమ్ సయీఫ్ ఇల్లు, ముప్పై నాలుగు.
మోడు వంటింటి గోడకు ఆనుకొని ఉన్నది.
కింద నీళ్ల పైపు,
అది ఎటు పోతదో ఆమెకు సుత తెల్వది.

ఖర్జూరం మోడు కట్టె కాదు.
వేపయితే పొట్టయి రాలుతది.
సరుగుడయితే పెచ్చులు పెచ్చులు ఎగురుతది.
ఇది నార.
సైకిలు చెయిన్ల వడ్డ తడిచీర తీరు
చక్రానికి సుట్టుకుంటది, సుట్టుకుంటది,
ఆఖరుకు ఇంజనే దండం పెడ్తది.
బ్రోచరుల ఈ ముచ్చట లేదు.
పదహారేండ్లు ఈదులు గీసిన చెయ్యి నాది,
మోకు ముత్తాదు ఏసుకొని
చెట్టును పై నుంచే ఎరిగినోన్ని.
మొదలు కాడ దాని మొండితనం
ఈడికొచ్చినంకనే తెలిసింది.
పురుగు తిన్న చెట్టుకు చెవి ఆనిస్తే
లోపల ఎవరో అటుకులు నమిలిన సప్పుడు.

అందుకే పికప్పుల మోడు ఏసుకొనే వచ్చినం.
"ఇగో, దీన్ని తినిపియ్యి."
డెబ్బయి నాలుగు గుర్రాలు ఉరికినయి.
రెండు నిమిషాలు, పొగ, వాసన,
గుర్రాలు పండుకున్నయి.
మూత ఇప్పవోతే బోల్టులు పదకొండు.
గుల్ జమాన్ పానా ఎతుకుతాంటే
శశీంద్రన్ మొఖం పక్కకు తిప్పి నవ్విండు.

మూలకు దుమ్ము వట్టి ఇంకోటి,
నారింజ రంగు, ఇరవై అయిదు గుర్రాలే,
టైర్లు గుంజితే ముప్పై మూడున్నర.
అది సుత ఆగింది, నిజం చెప్పాలె.
గని దాని మూతకు బోల్టులు రెండే.
నా గీతకత్తితోని
నారను ఇటొక కోత అటొక కోత,
బీడీ ఎలిగించే లోపల మళ్ల తిరిగింది.
మొగిలి నా దిక్కు చూసిండు.
బేరం ఇగ మొదలయితదని
గుల్ జమాన్ చాయ్ చెప్పిండు.

ముప్పై ఒక్క వెయ్యి దిర్హాములు.
నా పదేండ్ల కంపెనీ లెక్క అందులనే,
మొగిలి చిట్టి అందులనే,
శశీంద్రన్ ది లైసెన్సు, పికప్పు.
పండ్లు పదహారు. ఈ ఇసుకల నెలకొక్క సెట్టు అరుగుతది.
రెండు సెట్లు ఊరికె అడిగినం,
ఒకటి అన్నడు.
ఒకటిన్నర కాడ ముగ్గురి చాయ్ సల్లారింది.
కాయిదం సుట్టిన ఎనిమిది పండ్లు
మొగిలి ఒళ్లె పెట్టుకొని కూసున్నడు తొవ్వంత.

తెల్లారి అయిదింటికి ఉమ్ సయీఫ్ గేటు.
ముందుగాల పారతోని పైపు ఎతికినం.
మూరెడు లోతుల దొరికింది, వంకరగ.
మిషను నడుపుడు కాదు, మోసినట్టే,
ముగ్గురం ఊపిరి బిగవట్టి
ఇటు గోరంత, అటు గోరంత.
గేటుకు నారింజ గీత ఒకటి వడ్డది.
ఆమె చూసింది. వేలు తడిచేసి రుద్దింది.
పోలేదు.
ఏమనలేదు, ఖావా తెచ్చింది.

నాలుగు సార్లు ఆగింది, నాలుగు సార్లు కోసిన.
పొద్దెక్కెటాళ్లకు గోడ కాడ
గుంత నిండ ఎర్రనార.

నోటుబుక్కు తీసి
ఆమె గేటు ఎదురుంగ రాసుకున్న:
ముప్పై నాలుగు. వట్టింది.