మానిన కారణం

పురసవాక్కంలో మా బడికి ఇప్పుడు
మెట్రో స్తంభం నీడే గడియారం.
నీడ కుళాయి దాటిందంటే మూడో పీరియడు.

నేను ఈ బడి గుమాస్తాని, ముప్ఫై ఒక్క ఏళ్లుగా.
పాఠం ఏనాడూ చెప్పలేదు. పేర్లు రాశాను.
ఐదో తరగతితో ఆగిపోయే ఆడపిల్లల బడి,
సర్కారు కాణీ ముట్టని బడి.
బోర్డు మీద ‘సన్నాహ పాఠశాల’ అని ఉంటుంది.
దేనికి సన్నాహం అని
ఏ తండ్రీ నన్ను అడగలేదు. ఫీజెంత అని అడిగారు.

కొత్తగా వచ్చిన కరస్పాండెంటు కుర్రాడు
పాత రిజిస్టర్లన్నీ కంప్యూటర్లో ఎక్కించమన్నాడు.
వరదలో నానినవి అవి,
వరండా తీగ మీద బట్టల క్లిప్పులు పెట్టి
కాగితం కాగితం నేనే ఆరేశాను.
కొన్ని పేజీలు ఇప్పటికీ అప్పడాల్లా విరుగుతాయి.

వరుస సంఖ్య. పేరు. వయసు. తండ్రి వృత్తి.
గుర్తింపు మచ్చలు.
చివరి గడి: మానిన కారణం.

ఊరంతా ఆ గడిలోనే ఉంది.
తండ్రికి బదిలీ, అరక్కోణం.
ఇంటి అద్దె పెంచారు.
తమ్ముడు పుట్టాడు, ఎత్తుకునేవాళ్లు లేరు.
పెద్దమనిషి అయింది.
పెద్దమనిషి అయింది.
దాని కింద చుక్కలు, చుక్కల కింద చుక్కలు,
అదే మాట మళ్లీ రాయడానికి చెయ్యి రాక.
నలభై రెండు ఏప్రిల్‌లో పేజీ నిండా ఒకటే: బాంబుల భయం.
ఆ నెల హాజరు ముగ్గురు.
ఆ నెలంతా మూడుతో భాగించే లెక్కలే చెప్పారట
పెరుందేవమ్మగారు.

ఆవిణ్ని నేను చూడలేదు. ఆవిడ చేతిరాతని ఎరుగుదును.
‘ళ’కి తోక సాగదీస్తుంది,
ఎంత తొందరలో ఉన్నా పక్క గడిలోకి జారాల్సిందే.
మొగుడు పోయిన ఏడాదికి
మిద్దె ఇంటి ముందు గదిలో ఏడుగురితో మొదలుపెట్టింది.
పెరంబూరు వర్క్‌షాపు పారేసిన రైలు పట్టా ముక్క
అప్పటి గంట.
కరెంటు బెల్లు మోగని రోజున
దాన్ని కొట్టడానికి పిల్లలు ఇప్పటికీ కొట్టుకుంటారు.

నిన్న మధ్యాహ్నం ముప్ఫై ఎనిమిదో సంవత్సరానికి వచ్చాను.
నూట నలభై మూడు. ఆండాళు. పన్నెండేళ్లు.
తండ్రి పూసల వర్తకం.
ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ,
కుడి చెవి వెనక పుట్టుమచ్చ.
చివరి గడిలో చుక్కలు.

ఆరు పేజీల తరవాత
నూట డెబ్భై. గోద. పదేళ్లు.
తండ్రి గడిలో అడ్డగీత.
సంరక్షకురాలు పెరుందేవమ్మ, దూరపు చుట్టరికం.
ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ,
కుడి చెవి వెనక పుట్టుమచ్చ.
‘పదేళ్లు’ అన్నచోట తోక పక్క గడిలోకి జారింది.

కీబోర్డు మీంచి చెయ్యి తీశాను.
తనిఖీకొచ్చిన దొరసానికి తెలియకపోవచ్చు గానీ
ధనుర్మాసంలో చీకటితో లేచే ఏ ముసలమ్మైనా చెబుతుంది
ఆండాళెవరో, గోదెవరో.
దొంగపేరు పెట్టేటప్పుడు కూడా
ఆవిడకి పూర్తిగా అబద్ధమాడటం చేతకాలేదు.

ఆ పిల్ల ఏ సందులోంచి వచ్చేదో,
ఇంట్లో ఏం చెప్పి వచ్చేదో,
ట్రాము చప్పుడు చాటున ఏ గుమ్మం దాటేదో,
రిజిస్టరుకి తెలీదు.
దానికి తెలిసింది ఇంతే:
లెక్కల్లో యాభైకి నలభై ఆరు.
మానిన కారణం – పెద్ద బడికి.

బడి మానడానికీ పుండు మానడానికీ మనకి ఒకటే మాట.
ఇన్నేళ్లు ఆ గడి నింపాను, నాకెప్పుడూ తట్టలేదు.

కంప్యూటరు ఎర్రక్షరాల్లో అడిగింది:
మచ్చలు కలుస్తున్నాయి, ఇద్దరూ ఒకరేనా,
ఒక పేరు తీసెయ్యనా?
వద్దని నొక్కాను.
ఒకావిడ అంత కష్టపడి ఇద్దర్ని చేసింది.

అంతలో కరెంటు పోయింది.
బయట ఎవరో రెండో తరగతి పిల్ల
చాలన్నా వినకుండా పట్టా ముక్కని బాదుతోంది.
సేవ్ అయిందో లేదో తెలీదు.
రేపొచ్చి మళ్లీ ఇద్దర్నీ రాస్తాను.