నిమిషానికి ఎన్ని బొట్లు

నలభై ఒకరిని నాలుగుతో భాగిస్తే
శేషం ఒకటి.
ఆ ఒకటి నేను.
"ఒక్కదానివే చేసుకో మస్తానీ" అన్నారు గైడు సారు
ఫైలు మీంచి తల ఎత్తకుండా.

పది జట్లూ కంప్యూటర్లలో ఓడలు తేల్చాయి.
నేను కావలిలో బస్సెక్కి
జువ్వలదిన్నె రేవుకు పోయాను,
అక్కడ ఒక పడవ అడుగున నీళ్ళు కారుతున్నాయని విని.

పడవ పేరు వేళాంగణి మాత.
దాని కడుపులో ఒకప్పుడు లారీని లాగిన ఇంజను.
వెనక, షాఫ్టు పడవను దాటి
సముద్రంలోకి పోయే చోట ఇత్తడి గ్లాండు.
గ్లాండులో మూడు చుట్లు కొవ్వు పట్టించిన నూలుతాడు.
తాడు సందుల్లోంచి
బొట్టు. బొట్టు. బొట్టు.

నా ప్రాజెక్టు పేరు పెద్దది:
'మరపడవల షాఫ్టు గ్లాండులో నీటి లీకు నివారణ.'
పరికరాలు మాత్రం ఫోనులో గడియారం,
మూత పోయిన ఊరగాయ సీసా,
కరోనా నాడు ఊరందరి నొసళ్ళకూ గురిపెట్టిన
జ్వరం తుపాకీ.
"జాగర్త, సర్కారుది" అని చెప్పి మరీ ఇచ్చింది
ఏఎన్నెం అక్క.

ఇంజను డ్రైవరు ఆర్ముగం మామ
నిచ్చెన మెట్టు మీద కూర్చుని చూశాడు.
"ఏంది మే రాస్తా ఉండావు?"
"బొట్లు, మామా."
"బొట్లు లెక్కబెట్టేదానికి కాలేజీ ఎందుకు?"
నవ్వాడు. కాసేపటికి
తనూ పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు.
నాకు ముప్పై ఒకటి. ఆయనకు ముప్పై మూడు.
రెండూ రాసుకున్నాను.

మూడో రోజు కొత్త తాడు చుట్టి
నట్లు బిగించాను.
ఇరవై. పన్నెండు. ఐదు.
ఇంకో పావు తిప్పు.
సున్నా.
పొడి సీసాకు నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసి
గైడు సారుకు పంపాను.
తిరుగు జవాబుగా ఒక బొటనవేలు వచ్చింది.

మామ మాట్లాడలేదు.
మోకులు విప్పకుండానే గేరు వేశాడు.
షాఫ్టు తిరిగింది. పడవ కట్టేసిన ఎద్దులా గుంజింది.
గ్లాండుకు తుపాకీ పెట్టాను.
తొంభై ఎనిమిది. మనిషి ఒళ్ళంత.
నూట రెండు. పిల్లలకైతే తడిగుడ్డ వేసే జ్వరం.
నూట ఏడు.
ఆ తర్వాత తుపాకీ అంకెలు మానేసి
'హై' అంది.
దానికి తెలిసిన జ్వరాలన్నీ అయిపోయాయి.

ముందు వాసన వచ్చింది,
దీపం ఆర్పేశాక వత్తి దగ్గర మిగిలే వాసన.
పొగ తర్వాత.
ఇంజను ఆపుతాడనుకున్నాను.
స్పానరు నా చేతిలో పెట్టి "ఎనక్కి తిప్పు" అన్నాడు.
"ఇంకా. ఇంకా. ఆఁ, ఆడ నిలుపు."
మొదటి బొట్టు ఇత్తడి మీదే చుయ్యిమంది.
రెండోది సగం ఆవిరి.
మూడోది సీసాలో పడింది.
"దానికీ దప్పికవతాది మే" అన్నాడు మామ,
చేతులు పీచుకు తుడుచుకుంటూ.

మళ్ళీ కొత్త తాడు, ఈసారి నా డబ్బుతో.
పద్దెనిమిది రోజులు,
పావు తిప్పులో సగం, సగంలో సగం,
ఆరు బొట్లకు ఎంత వేడి, పన్నెండుకు ఎంత,
గ్రీజు వేళ్ళ ముద్రలతో నిండిన పట్టికలు.

వైవాకు వచ్చిన పెద్దాయన అట్ట దగ్గరే ఆగారు.
'నివారణ' మీద అడ్డగీత.
పక్కన బాల్‌పెన్నుతో 'కొలత'.
"పేరు మార్చడానికి అనుమతి తీసుకున్నావా?"
"లేదు సార్."
"పోనీ, లీకు ఆగిందా?"
"ఆగింది సార్. ఇరవై నిమిషాలు."
ఆయన పదకొండో పేజీ తిప్పారు.
మసి అంటిన తాడు ముక్క ఒకటి అక్కడ అతికించి ఉంది.
ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు.
మార్కులు ఎన్ని వేశారో ఇంకా తెలీదు.

ఊరగాయ సీసా తిరిగి రాలేదు.
వేటకు పోయే పొద్దు
రేవు దాటే ముందు మామ ఫోను చేస్తాడు.
హలో అనడు.
ఇంజను హోరులోంచి
"తొమ్మిది" అని అరిచి
పెట్టేస్తాడు.