రెండు పేర్ల బిళ్ళ

పన్నెండేళ్ళు నాకు చేతులే తెలుసు.
చిత్తూరు పెద్దాసుపత్రి, మందుల గది, మూడో కిటికీ.
అద్దానికి కోసిన అరచందమామ కంతలోంచి
లోపలికొచ్చే చేతులు:
చెరుకాకు కోసిన గీతలవి, మామిడి సొన కాల్చిన మచ్చలవి,
గోరింట ఆరని కొత్తపెళ్ళికూతురిది.
చీటీ లాక్కుని
కవరు మీద పొద్దుటికో సూర్యుణ్ణి, రాత్రికో చందమామని గీసి
బయటికి తోసి, "తర్వాత!" అనేదాన్ని.
నిద్రలో కూడా అంటానని మా ఆయన నవ్వేవాడు.

ఆ మంగళవారం హేమాద్రి డాక్టరు
వార్డు రౌండుకి రమ్మని కబురు పెడితే
స్టాకు లెక్క తప్పిందేమో అనుకున్నా.
రిజిస్టరు చంకలో పెట్టుకుని మరీ వెళ్ళా.

పదకొండో మంచం. దొరస్వామి. పెనుమూరు పక్క పల్లె.
ఉడుకుతున్న బెల్లం పెనం పక్కనే
చక్కెర పడిపోయి, తనూ పడిపోయాడు.
ఊపిరి నిండా తీపి ఆవిరి,
నెత్తుట్లో మాత్రం చిటికెడు లేదు.
నెలలో ఇది మూడోసారి.
గ్లూకోజు ఎక్కిస్తే లేస్తాడు, బస్సెక్కుతాడు, మళ్ళీ వస్తాడు.
"వేళకి తినడం లేదు" అంటోంది కేసు షీటు.
"తింటాండాడు సార్, నేనే గదా పెడతాండేది" అంది కుప్పమ్మ.
ఆ మాట ఎవరూ రాసుకోలేదు.

నాకు గుండె చప్పుడు వినడం రాదు.
నాకొచ్చింది బిళ్ళలు చదవడం.
"నీ సంచి చూపించమ్మా" అన్నా.

రాయవేలూరు బట్టలకొట్టు పసుపు సంచి.
మంచం మీద కుమ్మరించింది.
సగం చింపిన రేకులు, కాలం తీరిన దగ్గుమందు,
తిరుత్తణి విబూది పొట్లం, బస్సు టికెట్లు.
వాటి నడుమ మా తెల్ల కవరు, దాని మీద
నేను గీసిన సూర్యుడు.
పక్కనే వేలూరులో కొన్న ఆకుపచ్చ రేకు.
పేర్లు వేరు, రంగులు వేరు.
వెనక్కి తిప్పి చీమతలకాయంత అక్షరాలు చదివితే
రెండింటి లోపలా ఒకటే మందు.

"ఇది ఈడ డాక్టరిచ్చింది, అది ఆడ డాక్టరిచ్చింది.
ఇద్దురూ దేవుళ్ళే గదమ్మా, ఎవుర్ని కాదనేది?"
రెండూ మింగించింది, రోజూ, పరగడుపున, భక్తిగా.
ఆమె మణికట్టు మీద పాకం చిట్లిన మచ్చ.
ఆ మచ్చని గుర్తుపట్టా.
నా కిటికీలోకి ఎన్నిసార్లు వచ్చిందో ఆ చెయ్యి.
మొహం మాత్రం ఇదే చూడ్డం.

వార్డంతా నిశ్శబ్దమైందని రాస్తే అబద్ధం.
పక్క మంచం పాప ఏడుస్తూనే ఉంది.
ఫ్యాను కిర్రుమంటూనే ఉంది.
హేమాద్రి సారు ఒక పేరు కొట్టేసి
షీటు నా వైపు జరిపి, "సంతకం పెట్టండి" అన్నాడు.
ఎక్కడ పెట్టను? డాక్టరుకి గడి ఉంది, నర్సుకి ఉంది.
అంచున, నిలువుగా, ఇరికించి రాశా:
గజవల్లి, మందుల గది.

ఇప్పుడు రోజూ పొద్దున ఒక గంట వార్డులోనే.
ఆ గంటలో కిటికీ ముందు వరస మెట్లు దిగుతుంది.
నా బదులు మనిషిని ఇవ్వలేదు. తిట్లు మాత్రం నాకే.
కొత్త గడి వెయ్యమని పై ఆఫీసుకి కాగితం పోయింది,
ఇంకా పైనే ఉంది.

నిన్న కంతలోంచి ఒక చెయ్యి వచ్చింది.
"తర్వాత" నాలుక చివరిదాకా వచ్చింది.
వంగాను, గడ్డం బల్లకి ఆనేదాకా.
"ఇంటికాడ ఇంకా ఏమేం మింగుతాండావు నాయనా?"
వెనకెవరో "బిరీన కానీమ్మా!" అని అరిచారు.
అతను సంచిలో వెతుక్కుంటున్నాడు.