ఏడో సంపుటం చివర

కుషిరోలో మంచు కురవని రోజున పొగమంచు కురుస్తుంది.
నా లాండ్రీలో ఎనిమిది మెషీన్లు, ఒక బల్ల,
బల్ల మీద ఎవరో వదిలేసి వెళ్ళిన మాంగా, ఏడు సంపుటాలు.
బట్టలు తిరిగే ముప్పై నాలుగు నిమిషాల్లో
మనుషులు ఏదో ఒకటి చదవాలి కదా.

కథ చెప్పమంటే చెప్తాను, పెద్దగా లేదు.
చచ్చినవాళ్ళ నోళ్ళు కుట్టే పిల్ల ఒకతె
నీడ లేని గుర్రమెక్కి
తన నోరు కుట్టినవాళ్ళ కోసం వెతుకుతుంది.
ఊళ్ళు తగలబడతాయి. దేవుళ్ళు కుళ్ళిపోతారు.
ఆ కుళ్ళులో కూడా ఒక్కో పురుగు వీపు మీద
ఒక్కో వెన్నెల చుక్క పెట్టాడు మహానుభావుడు.

"బొమ్మలకి వంక పెట్టలేం, కథే కుంటుతోంది"
అంటాడు ఇగరాషి వాళ్ళ ర్యోహే, పరీక్ష తప్పినవాడు.
"మూడో సంపుటం నుంచీ అదే గుర్రం, అదే వాన.
చదవక్కర్లేదత్తా, చూస్తే చాలు."
చెప్పి, మళ్ళీ మొదటి నుంచీ చదువుతాడు.

వలలు బాగుచేసే తోమెకిచికి గుర్రం పట్టదు.
పిల్లని చుట్టేసిన వల మీద వేలు పెట్టి
"ఈ ముడి చూడు, చూసి వేసింది కాదిది,
వేళ్ళు కోసుకున్నవాడు వేసింది" అంటాడు.
అంతే ఆయన విమర్శ.
తర్వాత సాక్సుల జతలు వెతుక్కుంటాడు.

ఓనోదెరా గారు ముప్పై ఏళ్ళు కాగితం మిల్లులో చేశారు,
పేజీ తిప్పే ముందు వాసన చూస్తారు.
"ఇంత అందంగా గీస్తే నరకం మీద ఆశ పుడుతుంది,
పిల్లల చేతికివ్వకండి" అన్నారు.
మర్నాడు మనవరాలిని వెంటబెట్టుకొచ్చారు.
ఆ పిల్ల కుళ్ళిన దేవుణ్ణి తేరిపార చూసి
"పాపం, జలుబు చేసింది" అంది.

గొడవంతా ఏడో సంపుటం చివర.
కుడి నుంచి ఎడమకి రెండు పేజీలూ నలుపు.
బొమ్మ లేదు, మాట లేదు.
అచ్చు తప్పు అని ఓనోదెరా గారు.
గడువు ముంచుకొచ్చి సిరా పోసేశాడని ర్యోహే.
రాత్రి మూడింటికి పడవ దీపం ఆరిపోతే
ఇలాగే ఉంటుందన్నాడు తోమెకిచి,
కొంచెం ఎక్కువసేపు ఉంటుందన్నాడు.

ఆస్పత్రి నర్సు చిగూసా ఏ మాటా అనేది కాదు.
రాత్రి డ్యూటీ దిగి, తెల్ల యూనిఫారాలు మెషీన్‌లో పడేసి
ఆ నలుపు దగ్గరే పుస్తకం తెరిచి ఒళ్ళో పెట్టుకునేది.
ఓసారి అడిగాను, ఏముందమ్మా అందులో అని.
"కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టండి" అంది.

పట్టాను.
నలుపు నలుపు కాదు. గీత మీద గీత, గీత మీద గీత,
మధ్యలో సూదిమొనంత తెల్లటి ఖాళీలు.
వాటిని కలుపుకుంటూ పోతే కుట్లు.
వేస్తున్నారో విప్పుతున్నారో తెలియదు.

మా ఆయన పోయిన రాత్రి
ఆస్పత్రిలో ఎవరో ఆయన నోట్లో దూది పెట్టారు.
చాలా నెమ్మదిగా పెట్టారు, అది గుర్తుంది.
ఆ చేతులు ఎవరివో నేను తలెత్తి చూడలేదు.

పుస్తకం మూసి చిగూసా బట్టలు మడతపెట్టాను.
పేజీ సిరా బొటనవేలికంటుకుని
కాలరు మీద నల్లగా అచ్చు పడింది.
రెండుసార్లు ఉతికాను, పోలేదు.
డబ్బులు తిరిగి ఇవ్వబోతే "ఉండనీండి" అంది,
డబ్బుల గురించో మరక గురించో చెప్పలేదు.

ఎనిమిదోది ఇంకా రాలేదు.
కథ బాలేదన్న ర్యోహే రోజూ అడుగుతున్నాడు.